సర్వర్‌లోని ఫైల్‌ను లిబ్రేఆఫీస్‌లో నేరుగా తెరవాలంటే

మా గ్రూపు నివేదికలన్నీ కూర్చే పని నాది. ఫైల్ డౌన్‌లోడ్ చేసి, మార్చి, మళ్లీ అప్‌లోడ్ చేసేవాళ్ల వల్ల 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'ఇదే ఫైనల్' అని మూడు కాపీలు తయారవుతాయి. వాటిలో తేడాలు వెతకాల్సింది నేనే! అందుకే ఎవరు కొత్తగా చేరినా, సర్వర్‌లోని ఫైల్ నేరుగా తెరుచుకుని అక్కడే సేవ్ అయ్యేలా ముందు ఈ కనెక్షన్ పెట్టిస్తాను.

లిబ్రేఆఫీస్ (ఉచిత ఆఫీస్ ప్రోగ్రామ్) ఫైల్ మెనూలో 'ఓపెన్ రిమోట్' నొక్కి, 'మేనేజ్ సర్వీసెస్' నుంచి 'యాడ్ సర్వీస్'కి వెళ్లండి. నెక్స్ట్‌క్లౌడ్ (ఫైల్స్ దాచి పంచుకునే సాఫ్ట్‌వేర్) లాంటి సర్వర్ అయితే టైప్ దగ్గర వెబ్‌డావ్ (సర్వర్‌లోని ఫైల్స్‌ను నెట్ ద్వారా తెరిచి సేవ్ చేసే పద్ధతి) ఎంచుకోండి. నెక్స్ట్‌క్లౌడ్ ఫైల్స్ పేజీలోని సెట్టింగ్స్‌లో వెబ్‌డావ్ అడ్రస్ ఉంటుంది, దాన్ని కాపీ చేసుకోండి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే, ఎందుకంటే ఆ అడ్రస్ మొత్తాన్ని ఒకే గడిలో పెట్టకూడదు. సర్వర్ పేరు మాత్రం 'హోస్ట్'లో, దాని తర్వాతి స్లాష్ నుంచి చివరిదాకా 'రూట్'లో పెట్టాలి. 'సెక్యూర్ కనెక్షన్' టిక్ చేయండి, పోర్ట్ 443 ఉండాలి. లేబుల్ మీ ఇష్టం.

రెండంచెల లాగిన్ ఉన్న ఖాతాకు మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. నెక్స్ట్‌క్లౌడ్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో యాప్ పాస్‌వర్డ్ (ఒక్క ప్రోగ్రామ్ కోసమే వాడే విడి పాస్‌వర్డ్) తయారు చేసి అది ఇవ్వండి. రెండంచెలు లేకపోయినా నేను ఇదే చేయమంటాను. ల్యాప్‌టాప్ పోతే ఆ ఒక్క పాస్‌వర్డ్ రద్దు చేస్తే సరిపోతుంది. ప్రోగ్రామ్ మూసి తెరిచిన ప్రతిసారీ పాస్‌వర్డ్ అడుగుతుంటే, లిబ్రేఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్, సెక్యూరిటీలో వెబ్ కనెక్షన్ల పాస్‌వర్డ్‌లు దాచుకునే టిక్ పెట్టండి. దాంతోపాటు, దాచిన పాస్‌వర్డ్‌లకు తాళంలా ఉండే మాస్టర్ పాస్‌వర్డ్ కూడా పెట్టుకోండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒక డాక్యుమెంట్ తెరిచి ఉంచి, మరో కంప్యూటర్‌లో వేరేవాళ్లను అదే ఫైల్ తెరవమనండి. ఫైల్ వాడకంలో ఉందని చెప్పి, చదవడానికి మాత్రమే తెరుస్తానంటే లాక్ పనిచేస్తున్నట్టే. అలా అనకపోతే సర్వర్ చూసుకునేవాళ్లతో మాట్లాడేదాకా ఆ ఫోల్డర్‌లో ఉమ్మడి పని పెట్టుకోవద్దు.

ఆల్‌ఫ్రెస్కో లాంటి రిపాజిటరీ (సంస్థ డాక్యుమెంట్లను వెర్షన్లతో సహా దాచే సర్వర్) అయితే టైప్‌లో సీఎంఐఎస్ (అలాంటి సర్వర్లతో మాట్లాడే పద్ధతి) ఎంచుకోవాలి. ఇక్కడ పద్ధతి వేరు. ఫైల్ తెరవగానే పైన ఒక పట్టీ వస్తుంది, అందులో 'చెక్ అవుట్' నొక్కాలి. ఆ తర్వాత మీరు ఎన్నిసార్లు సేవ్ చేసినా అది మీ పని కాపీలోకే పోతుంది, 'చెక్ ఇన్' చేస్తేనే మిగతావాళ్లకు కనిపిస్తుంది. అప్పుడు అడిగే వెర్షన్ కామెంట్‌ను ఖాళీగా వదలకండి. 'మార్పులు చేశాను' అని రాసినా ఖాళీతో సమానమే. 'రెండో పట్టికలో మొత్తాలు సరిచేశాను' అని రాయండి. మార్చడం మానుకుంటే 'క్యాన్సిల్ చెక్ అవుట్' నొక్కండి, లేకపోతే ఫైల్ మీ పేరునే ఉండిపోయి అందరికీ టెన్షన్.

వెబ్‌డావ్‌లో సేవ్ చేసిన ప్రతిసారీ ఫైల్ మొత్తం సర్వర్‌కు వెళ్తుంది. ఫొటోలు నింపిన పెద్ద ఫైల్ నెమ్మదిగా సేవ్ అయితే కంగారుపడకండి. మధ్యలో నెట్ పోయి సేవ్ కాకపోతే విండో మూసేయకుండా 'సేవ్ యాజ్'తో మీ కంప్యూటర్‌లో ఒక కాపీ పెట్టుకుని, నెట్ వచ్చాక 'సేవ్ రిమోట్'తో పైకి పంపండి. పంపేముందు ఈలోపు ఇంకెవరైనా ఆ ఫైల్ మార్చారేమో సర్వర్‌లో తేదీ, సమయం చూడండి.

ఇద్దరూ ఒకే పేజీలో ఒకేసారి టైప్ చేయాలనుకుంటే మాత్రం ఈ దారి కుదరదు. దానికి కొల్లాబోరా ఆన్‌లైన్ (బ్రౌజర్‌లోనే కలిసి ఎడిట్ చేసే ఆఫీస్ ప్రోగ్రామ్) లాంటిది సర్వర్‌లోనే ఉండాలి.