ఇన్వర్టర్ కొనే ముందు వేసుకోవలసిన లెక్క: ఇంటికి, తోటకు, బండికి

నల్లగొండలో గానీ జడ్చర్లలో గానీ బ్యాటరీల దుకాణానికి పోయి ఇన్వర్టర్ కావాలని అడిగితే, దుకాణదారు మొదట అడిగే మాట దాదాపు ఒక్కటే ఉంటుంది: "ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు సార్?" మూడు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక టీవీ అని చెప్పీ చెప్పకముందే 900 వీఏ (ఎంత లోడు మోయగలదో చెప్పే వోల్ట్ యాంపియర్ అంకె) ఇన్వర్టరు, 150 ఏహెచ్ (ఎంత కరెంటు దాచగలదో చెప్పే యాంపియర్ అవర్ అంకె) ట్యూబులార్ రకం లెడ్ ఆసిడ్ బ్యాటరీ ఆటోలోకి ఎక్కుతాయి. ఆ ప్రశ్న తప్పు కాదు గానీ, అది సగం ప్రశ్న మాత్రమే. ఎన్ని గంటలు నడవాలి, ఆ ఊళ్లో వోల్టేజి ఎంత వస్తుంది, బ్యాటరీని ఇంట్లో ఏ మూలన పెడతారు అన్న మిగతా సగాన్ని ఎవరూ అడగరు, మనమూ చెప్పము. ఇన్వర్టర్ పాడైందని అనుకునే ఇళ్లలో చాలావరకు నిజానికి పాడైపోయేది బ్యాటరీ, అందుకు కారణం ఆ అడగని ప్రశ్నల్లోనే ఉంటుంది.

కాబట్టి లెక్క కాగితం మీద మొదలుపెట్టాలి. మామూలు సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. మూడు ఫ్యాన్లకు 225, తొమ్మిదేసి వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగింటికి 36, చిన్న టీవీకి 60, వైఫై డబ్బాకు 10 కలిపితే మొత్తం 331 వాట్లు అవుతుంది. ఇన్వర్టర్ మీద రాసి ఉండే వీఏ అంకెను నేరుగా వాట్లు అనుకోకూడదు. సాధారణంగా దానిలో ఎనభై శాతం వరకే వాట్లుగా లెక్కకు వస్తుంది కనుక 900 వీఏ అంటే 720 వాట్లు అనుకోవచ్చు. మన 331 వాట్లకు అది ధారాళంగా చాలుతుంది. అసలు చిక్కు గంటల దగ్గర వస్తుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి. బ్యాటరీ ఆయుష్షు కోసం అందులో డెబ్బై శాతం మాత్రమే వాడుకోవాలని పెట్టుకుంటే 1,260 మిగులుతాయి, ఇన్వర్టర్ లోపల వేడిగా పోయేది తీసేస్తే చేతికి వచ్చేది వెయ్యికి కాస్త అటూ ఇటూ. అంటే ఈ ఇల్లు మూడు గంటలు నడుస్తుంది.

ఆ మూడు గంటలు కూడా పూర్తిగా దక్కవు. బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని రాసినప్పుడు పక్కనే చిన్న అక్షరాల్లో సీ20 అని ఉంటుంది, దాని అర్థం ఏడున్నర యాంపియర్ల చొప్పున ఇరవై గంటలపాటు మెల్లగా తీస్తేనే అంత వస్తుందని. మన ఇల్లు ఒక్కసారిగా 35 యాంపియర్ల దాకా గుంజుతుంది. బిందెను నిదానంగా వంచితే చివరి చుక్క దాకా వస్తుంది, ఒక్కసారి బోర్లిస్తే కొంత కింద పోతుంది. బ్యాటరీ తీరు కూడా ఇంచుమించు అటువంటిదే. అందుకని మూడు గంటలకు లెక్క కుదిరితే రెండుంబావు గంటలు వస్తాయని మనసులో అనుకోవడం మంచిది.

ఇక్కడ చాలామంది 220 ఏహెచ్ బ్యాటరీ వైపు చూస్తారు. నా సలహా మాత్రం ముందుగా ఫ్యాన్లు మార్చమని. బీఎల్‌డీసీ ఫ్యాను (బ్రష్‌లు లేని డీసీ మోటారుతో నడిచేది) 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. మూడూ మార్చితే ఇంటి లోడు 331 నుంచి 196 వాట్లకు దిగుతుంది, అదే పాత బ్యాటరీ లెక్క ప్రకారం అయిదు గంటల దాకా లాగుతుంది. పైగా ఆ ఆదా కరెంటు ఉన్న రోజుల్లో కూడా బిల్లులో కనిపిస్తుంది, పెద్ద బ్యాటరీకి ఆ గుణం లేదు.

ఫ్రిజ్జు, మిక్సీ, బోరు మోటారు సంగతి వేరు. ఇటువంటి బరువు మోటార్లు మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునేదానికి అయిదారు రెట్ల దాకా గుంజుతాయి. నడుస్తున్నప్పుడు 120 వాట్లు తీసుకునే ఫ్రిజ్జు కంప్రెసర్ ఎత్తుకునేటప్పుడు 700 దాటడం వింతేమీ కాదు. ఫ్రిజ్జు తప్పనిసరి అనుకుంటే 1,500 వీఏకు తగ్గకుండా, 24 వోల్టుల మీద, అంటే రెండు బ్యాటరీలతో నడిచేది తీసుకోవాలి. ఒక హెచ్‌పీ బోరు మోటారును ఇన్వర్టర్ మీద నడపాలని అడిగేవారు కూడా ఉన్నారు. అది చేయలేనిది కాదు గానీ, దానికి పెట్టే ఖర్చుతో ఇంటి మీద ఇంకొక వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టుకోవడం తెలివైన పని. కరెంటు ఉన్నప్పుడు ఎక్కించుకున్న నీళ్లు కూడా దాచుకున్న కరెంటు కిందే లెక్క.

ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు అలల రకం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ప్యూర్ సైన్ వేవ్, అంటే లైను కరెంటు లాగే నున్నని అల, అని రాసి ఉన్నదే కొనాలి. స్క్వేర్ వేవ్ చవకగా దొరుకుతుంది గానీ దాని మీద ఫ్యాను రాత్రంతా గుయ్యిమని మూలుగుతుంది, మోటార్లు వేడెక్కుతాయి.

వోల్టేజి విషయం మాత్రం కొంచెం నిలబడి చూడాలి, ఎందుకంటే దేవరకొండ వైపు, కల్వకుర్తి వైపు పల్లెల్లో ఇన్వర్టర్లను ఎక్కువగా ఏడిపించేది కరెంటు కోత కాదు, లో వోల్టేజి. మా బావ వాళ్ల ఊళ్లో యాసంగి నాట్ల సమయంలో బోర్లన్నీ ఒక్కసారి నడుస్తుంటే సాయంత్రం ఇంట్లో వోల్టేజి 170కి పడిపోయేది. కొని ఏడాది తిరగకుండానే బ్యాటరీ అరగంట కూడా ఆగడం లేదని, దుకాణం వాళ్లు మోసం చేశారని ఆయన కోపం. వెళ్లి చూస్తే ఇన్వర్టర్ వెనక ఉన్న చిన్న స్విచ్చు యూపీఎస్ వైపు ఉంది. ఆ వైపు ఉంటే సుమారు 180 వోల్టులకు కింద పడగానే ఇన్వర్టర్ లైను కరెంటును వదిలేసి బ్యాటరీ మీదికి మారుతుంది. అంటే సాయంత్రాలు ఊళ్లో కరెంటు ఉన్నా ఆ ఇల్లు బ్యాటరీ మీదనే నడిచింది, రాత్రి నిజంగా కరెంటు పోయే వేళకు అందులో ఏమీ మిగలలేదు. స్విచ్చును రెండో వైపు తిప్పితే ఆ హద్దు 100 వోల్టుల దరిదాపులకు దిగుతుంది. కంప్యూటరు ఆగకూడదనుకునే చోట తప్ప పల్లెటూళ్లలో యూపీఎస్ మోడు అక్కరలేదు. అయితే ఆ తక్కువ వోల్టేజి నేరుగా వస్తువులకు చేరుతుంది కనుక ఫ్రిజ్జుకు స్టెబిలైజరు విడిగా ఉండాలి. కొనేటప్పుడు అడగవలసిన మరొక మాట, ఎంత తక్కువ వోల్టేజి దగ్గర కూడా చార్జింగు సరిగా జరుగుతుంది అన్నది. సగం చార్జితో రోజుల తరబడి ఉన్న లెడ్ ఆసిడ్ బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ కోలుకోదు.

ఎండ రెండో శత్రువు. లెడ్ ఆసిడ్ బ్యాటరీకి సుఖమైన వేడి 25 డిగ్రీలు, ఆ పైన ఎనిమిది నుంచి పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయుష్షు సగానికి పడిపోతుందని లెక్క. మే నెలలో నల్లగొండ 44, 45 డిగ్రీలు చూసే ఊరు. అటువంటి చోట బ్యాటరీని మేడ మీద రేకుల గదిలోనో, పడమటి గోడకు ఆనించి వరండాలోనో పెడితే, కంపెనీ ఇచ్చిన గ్యారంటీ ఎన్నేళ్లదైనా రసాయనానికి అది తెలియదు. ఇంటి లోపల, కింది అంతస్తులో, గాలి ఆడే చోట నీడన పెట్టాలి. చార్జింగు సమయంలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక వంటగదిలోనూ, దీపం వెలిగించే దేవుని గూటి కిందా పెట్టరాదు. మెట్ల కింద ఖాళీ ఉందని దేవుని పటాలు, బ్యాటరీ ఒకే చోట సర్దిన ఇళ్లు నేను చూశాను.

బ్యాటరీలో పోసే నీళ్ల విషయంలో మన నల్లగొండ జిల్లాకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఫ్లోరైడు పేరుతో దేశమంతా తెలిసిన నేల ఇది. తాగడానికి పనికిరాని బోరు నీటిలో కరిగి ఉన్న లవణాలు బ్యాటరీకీ పనికిరావు. ఆర్ఓ నీళ్లు చాలు కదా అని పోసేవారున్నారు, వాటిలో కూడా లవణాలు కొంత మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, మూత మీద ఉన్న ఫ్లోట్ ఎర్ర గుర్తుకు దిగకముందే పోయాలి, ఎండాకాలంలో నెలకొకసారి చూడాలి. యాసిడ్ ఎప్పుడూ పోయకూడదు.

లిథియం బ్యాటరీలు, ముఖ్యంగా లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం, ఈ నీళ్ల బాధ లేకుండా వస్తున్నాయి. 12.8 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలో ఉన్న 1,280 వాట్ అవర్లలో ఎనభై తొంభై శాతం నిర్భయంగా వాడుకోవచ్చు కనుక, అది 150 ఏహెచ్ ట్యూబులార్‌కు ఇంచుమించు సమానమవుతుంది. ధర ఎక్కువ. రోజూ వాడే చోట ఆ ధర గిట్టుబాటవుతుంది, నెలకు రెండుసార్లు కరెంటు పోయే పట్టణంలో గిట్టదు. పాత ఇన్వర్టరుకే లిథియం తగిలించాలనుకుంటే దాని చార్జింగు వోల్టేజి సరిపోతుందో లేదో ముందు చూసుకోవాలి.

సోలారు పెట్టుకున్నాము కదా, ఇక ఇన్వర్టరు ఎందుకు అన్న ప్రశ్న 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చిన తరువాత తరచుగా వినిపిస్తోంది. ఆ పథకం కింద మేడ మీద బిగించే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు తగలకుండా అలా తయారుచేశారు. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. కోత సమయంలోనూ నడవాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి, ఆ సంగతి సంతకం పెట్టకముందే తేల్చుకోవాలి.

లైను అసలే రాని తోట కాడ లెక్క మళ్లీ మారుతుంది. బత్తాయి తోటలో కాపలా గది ఉందనుకుందాం. ఒక బీఎల్‌డీసీ ఫ్యాను ఎనిమిది గంటలకు 240, రెండు బల్బులు నాలుగు గంటలకు 72, రోజంతా నడిచే కెమెరాకు 240, ఫోన్లకు ఇరవై, మొత్తం 572 వాట్ అవర్లు అవుతుంది. ఎవరూ లెక్కలో వేయనిది ఇన్వర్టర్ సొంత తిండి. ఏ వస్తువూ నడపకుండా ఊరికే ఆన్‌లో ఉన్నందుకే అది 10 నుంచి 15 వాట్లు తినేస్తే రోజుకు 240 నుంచి 360 దాకా పోతుంది, అంటే ఫ్యానుకు ఏమాత్రం తక్కువ కాదు. అన్నీ కలిపి రోజుకు వెయ్యి అనుకుంటే, మన దగ్గర సగటున అయిదు గంటల నిండు ఎండ లెక్కన నష్టాలు పోను 330 వాట్ల ప్యానెల్ ఒకటి సరిపోతుంది. ముసురు పట్టిన రెండు రోజులకు ఆగాలంటే 150 ఏహెచ్ ట్యూబులార్లు రెండు కావాలి, అవి సీ10 అని రాసి ఉన్న సోలార్ రకం అయి ఉండాలి. ప్యానెల్‌ను దక్షిణం వైపు, 17 డిగ్రీల వాలుతో బిగించాలి. ప్యానెల్ నుంచి బ్యాటరీని నింపే చార్జ్ కంట్రోలర్ ఎంపీపీటీ రకానిదైతే అదే ప్యానెల్ నుంచి ఎక్కువ కరెంటు చేతికి వస్తుంది. ఇంత చిన్న గదికి 12 వోల్టుల డీసీ ఫ్యాను, డీసీ బల్బులు నేరుగా బ్యాటరీకి కలిపి, ఇన్వర్టరే లేకుండా చేసుకుంటే ఇంకా మేలు. అయిదు హెచ్‌పీ వ్యవసాయ మోటారును మాత్రం ఈ ఇన్వర్టర్ల వైపు తీసుకురావద్దు, దానికి సోలార్ పంపు కంట్రోలరు అనే వేరే పరికరం ఉంది.

క్యారవాన్లు మన రోడ్ల మీద అరుదే గానీ, 65వ నంబరు, 44వ నంబరు జాతీయ రహదారుల పక్కన టిఫిను వ్యాన్లకు, నాలుగు రోజులు బండిలోనే ఉండే లారీ డ్రైవర్లకు ఇన్వర్టర్ అవసరం ఉంది. 12 వోల్టుల బండి లైటర్ సాకెట్టుకు ఉండే ఫ్యూజు 10, 15 యాంపియర్లదే కనుక దానికి 10 అయితే 100, 15 అయితే 150 వాట్లు మించి తగిలించకూడదు. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీ పలకలు పలుచనివి, రాత్రంతా ఫ్యాను నడిపితే పొద్దున బండిని తోయవలసి వస్తుంది. రెండో బ్యాటరీ పెట్టి, ఇంజను నడిచేటప్పుడు డీసీ చార్జరు ద్వారా నింపుకోవాలి. ఇంట్లో వాడే ట్యూబులార్‌ను కుదుపుల బండిలో పెడితే యాసిడ్ ఒలుకుతుంది, సీలు చేసిన ఏజీఎం గానీ లిథియం గానీ తీసుకోవాలి. లారీలో ఉండేది 24 వోల్టులు. రెండు బ్యాటరీల్లో ఒక్కదాని మీద నుంచే 12 వోల్టులు లాగే అలవాటు ఉంది, దానివల్ల ఒకటి ఎప్పుడూ ఆకలితో, రెండోది ఎప్పుడూ అతిగా నిండి, కొద్ది కాలానికే రెండూ పోతాయి.

ఎక్కడైనా సరే బ్యాటరీ తీగ పొట్టిగా, లావుగా ఉండాలి. 720 వాట్లను 12 వోల్టుల మీద తీస్తే 60 యాంపియర్ల పైనే పారతాయి. ఇంటి వైరింగుకు వాడే సన్నపు తీగ అక్కడ పెడితే తీగే హీటరవుతుంది. కంపెనీ ఇచ్చిన తీగ చాలలేదని ఎలక్ట్రీషియన్ మధ్యలో అతుకు వేస్తానంటే ఒప్పుకోకుండా, బ్యాటరీనే దగ్గరికి జరపమనాలి.

డబ్బు కట్టే ముందు బ్యాటరీ మీద అచ్చు వేసిన తయారీ నెల చూడాలి, ఆరు నెలలు దుకాణంలోనే కూర్చున్నది వద్దనాలి. గ్యారంటీ కాగితంలో ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారు, తరువాత ఎన్ని నెలలు వాడకాన్ని బట్టి కోత పెడతారు అన్నవి విడివిడిగా చదవాలి. ఇంటికి తెచ్చి ఒక పూట, కొత్త ట్యూబులార్ అయితే పన్నెండు గంటలైనా, పూర్తిగా చార్జి కానిచ్చి, మరునాడు మెయిన్ స్విచ్చు దించి మామూలుగా నడిపేవన్నీ నడుపుతూ ఎంతసేపు ఆగిందో గడియారం చూసి, ఆ నిమిషాలను తేదీతో సహా బ్యాటరీ పక్కనే మార్కరుతో రాసి పెట్టాలి, వచ్చే ఏడాది అదే నెలలో మళ్లీ మెయిన్ దించినప్పుడు పోల్చి చూడడానికి.