పొదుపు సంఘం మహిళలు ఫోను ద్వారా బరువు తగ్గేందుకు ఒకరికొకరు తోడ్పడే విధానం

జిమ్ముకు వెళ్లేందుకు డబ్బూ తీరికా లేని మహిళలకు పొదుపు సంఘంలోని పరస్పర నమ్మకమే మంచి ఆధారం కనుక, కొత్త బృందాన్ని వెతకకుండా ఆ పది పదిహేను మందితోనే వాట్సాప్ గ్రూపు ప్రారంభించండి. చదవడం రానివారి కోసం సందేశాలను వాయిస్ రూపంలో పంపాలి. స్మార్ట్‌ఫోను లేని సభ్యురాలికి వారానికొకసారి ఫోను చేసే బాధ్యతను ముందే ఒకరికి అప్పగించాలి, లేకపోతే అందరికంటే ఎక్కువ అవసరమున్న మనిషే మొదట దూరమవుతుంది.

ముందుగా ప్రతి ఒక్కరూ ఆరోగ్య ఉపకేంద్రంలో రక్తపోటు, షుగరు పరీక్షలు చేయించుకోవాలి. షుగరు మాత్రలు వాడేవారు, గర్భిణులు, బాలింతలు వైద్యుల సలహా లేకుండా ఆహారం తగ్గించకూడదు. తూకం యంత్రం లేకపోతే దర్జీ టేపు చాలు. మన స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు పెరిగినట్టే. అయితే ఆ కొలతను గ్రూపులో చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయరాదు. ఒకసారి నలుగురిలో చిన్నబోయిన మనిషి మళ్లీ నోరు విప్పదు, ఈ నియమాన్ని అన్నిటికంటే గట్టిగా పాటించమని నా మనవి.

ఖరీదైన పొడులు అక్కరలేదు. అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోటును పప్పు, తోటకూర, సొరకాయ, మజ్జిగతో నింపాలి. నెలకు వాడే నూనెను ఇంటిల్లిపాది సంఖ్యతో భాగించి, తలకు అర లీటరు మించకుండా చూడాలి. వారానికి 150 నిమిషాల చురుకైన నడక మంచిదే, కానీ రోజంతా కూలి పనిలో ఒళ్లు వంచే మహిళను మళ్లీ నడవమనడం న్యాయం కాదు. ఆరు నెలల్లో 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గినా ఆరోగ్యానికి మేలే.