విశాఖలో హార్డ్‌బాయిల్డ్ కథ నడపాలంటే

హార్డ్‌బాయిల్డ్ అంటే కరుకు డిటెక్టివ్, కుళ్లిన ఊరు ఉండే నేరకథ. అది రాయాలంటే ముందు డిటెక్టివ్ జేబులోంచి పిస్టల్ తీసేయండి. అమెరికా నవలల్లో పేలింది కదా అని అల్లిపురం సందులో పేలిస్తే ఎవరూ నమ్మరు. ఇక్కడ ప్రైవేటు డిటెక్టివ్‌కి కాల్ డేటా అడిగే హక్కు కూడా లేదు. దొంగదారిన తీయిస్తే కేసు అతని మీదే పడుతుంది. కథకి అది మేలే, వాడుకోండి.

ఈ తరహా కథలు రాసిన అమెరికా రచయిత డాషియల్ హామెట్, పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేసి వచ్చినవాడు. అందుకే అతని డిటెక్టివ్ మేధావిలా కాదు, డ్యూటీ చేసే మనిషిలా ఉంటాడు. మీవాడికీ ఫీజెంతో, పెట్రోలు ఖర్చెవరిదో తేల్చండి. మనవైపు ఈ వృత్తికి తిండి పెట్టేది ఎక్కువగా పెళ్లి సంబంధాల ఎంక్వైరీలే. కథ అక్కణ్ణుంచే ఎత్తుకోండి.

చిన్న పని పెద్ద కుళ్లు దగ్గరికి చేరాలి. 1929లో వచ్చిన హామెట్ నవల 'రెడ్ హార్వెస్ట్'లో పిలిచిన క్లయింటు డిటెక్టివ్‌ని కలవకముందే చస్తాడు, ఆ తర్వాత ఊరంతా బయటపడుతుంది. విశాఖలో ఆ కుళ్లుకి భూమిని మించిన చోటు లేదు. పెళ్లికొడుకు ఆస్తి ఆరా తీస్తూ మధురవాడ స్థలానికి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా) తీయించండి. జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం) మీద అమ్మకం జరిగి ఉంటుంది. ఆ జీపీఏ ఇచ్చిన పెద్దాయన డెత్ సర్టిఫికెట్‌లో తేదీ చూస్తే, ఆ అమ్మకం రిజిస్ట్రేషన్‌కి ఆర్నెల్ల ముందే పోయాడు. మనిషి పోతే మామూలు జీపీఏ కూడా పోయినట్టే. ఇంకో సంగతి: ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, నోటరీ అగ్రిమెంట్లు కనిపించవు. రెండో కొనుగోలుదారుణ్ణి అక్కడ దాచండి.

అబద్ధం పట్టుకోవడానికి సముద్రం ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. "మే నెల పదో తారీకున బోటు మీద వేటకెళ్లాను" అన్నవాడు అప్పుడే దొరికిపోయాడు. డిటెక్టివ్ మాత్రం వెంటనే బయటపెట్టకూడదు. తలూపి టీ తాగి వచ్చేయాలి.

ఇక వాక్యం. కొత్తవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే.

"లోపల ఎవరో ఉన్నారని అనిపించి అతని గుండె భయంతో వేగంగా కొట్టుకుంది."

దీన్ని కొట్టేసి ఇలా రాయండి:

"తలుపు తీసే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. గుమ్మంలో మగాడి చెప్పు, ఎడమది ఒక్కటే."

భయం పేరెత్తలేదు, అయినా వచ్చింది. ఉపమానాల మోజు, ఈ తరహా నవలలే రాసిన రేమండ్ చాండ్లర్‌ని చదివిన ప్రతివాడికీ పడుతుంది. పేజీకి ఒకటి దాటనివ్వకండి.

యాస సంభాషణలో చాలు. "ఏటి బాబూ, మళ్లీ వచ్చీసినావా?" అని హార్బర్ కళాసీ అంటే ఊరు వినిపిస్తుంది. కథనం కూడా అలాగే సాగితే చదివేవాడు అలిసిపోతాడు.

పోలీసు వివరాల్లో తేదీ చూసుకోండి. 2024 జూలై 1 నుంచి జరిగిన హత్యకి సెక్షన్ బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103, అంతకుముందుదైతే పాత ఐపీసీ 302. పోస్టుమార్టం విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో పెట్టొచ్చు.

చాండ్లర్ తొలి నవల 'ది బిగ్ స్లీప్'లో (1939) డ్రైవర్‌ని ఎవరు చంపారో తేలదు. అతనికి చెల్లింది, మీకు చెల్లదు. ముగింపు రాసే ముందు ప్రతి శవానికీ ఎదురుగా కారణం, మనిషి, సమయం కాగితం మీద రాసుకోండి. ఖాళీ గడి కనిపిస్తే వెనక్కెళ్లి ఆ సీను మార్చండి. చివర్లో హంతకుడి చేత రెండు పేజీల వివరణ ఇప్పించి పూడ్చకండి.