మోకాళ్ళ నొప్పితో బరువు తగ్గాలంటే ఏ నొప్పికి ఏం మార్చాలి

హన్మకొండలో పొద్దున్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీదకి వెళ్తే రెండు రౌండ్లకే మోకాలు పట్టుకుని కూర్చునే వాళ్ళు కనిపిస్తారు. వాళ్ళలో చాలామంది "అక్కా, నడిస్తే ఇంకా అరుగుతాయట" అని మానేస్తారు. దయచేసి మానేయకండి. కదలకపోతే తొడ కండరం బలహీనపడి, అది మోయాల్సిన భారం కూడా మోకాలి మీదే పడుతుంది. ముందు నొప్పి ఎక్కడ, ఎప్పుడు వస్తుందో చూడండి.

మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు చిప్ప చుట్టూ నొప్పి

కారణం: మోకాలిని బరువుతో ఎంత ఎక్కువ మడిస్తే చిప్ప వెనక అంత ఒత్తిడి. ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడు ఇంకా ఎక్కువ, అందుకే పద్మాక్షి గుట్ట ఎక్కినప్పుడు బాగానే ఉండి కిందికి వచ్చేసరికి కుంటుతారు.

పరిష్కారం: కొన్ని వారాలు గుట్ట మెట్లు, లోతైన బస్కీలు, గెంతే వ్యాయామాలు పక్కన పెట్టండి. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండోది నిటారుగా జానెడు ఎత్తి ఐదు సెకన్లు ఆపి దించండి, ఒక్కో కాలికి పది సార్లు. తర్వాత రెండు మోకాళ్ళూ మడిచి నడుము పైకెత్తి దించడం. ఇవి నొప్పి లేకుండా వస్తుంటే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, మెల్లగా కూర్చోవడం మొదలుపెట్టండి. కష్టమైతే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచండి, మోకాళ్ళు లోపలికి వాలకుండా చూసుకోండి. వారానికి మూడు రోజులు చాలు. తేడా తెలియడానికి వారాలు పడుతుంది, నాలుగు రోజులకే విసుగు పడొద్దు.

పొద్దున లేవగానే పట్టేసి, కాసేపటికి సర్దుకుంటుంది

యాభై దాటినవాళ్ళలో ఇది ఎక్కువగా కీలు అరుగుదల. గంటసేపు ఒకేసారి నడవకుండా పది నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు, చదునైన చోట నడవండి. ఒక్క కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది, కాబట్టి మూడు కిలోలు తగ్గినా చిన్న విషయం కాదు. నొప్పి లేకుండా టకటక శబ్దం మాత్రమే వస్తుంటే టెన్షన్ పడక్కర్లేదు.

చేసేటప్పుడు బాగుంటుంది, మర్నాడు నొప్పి

డోసు ఎక్కువైంది. కొద్దిపాటి నొప్పి మర్నాటికల్లా మామూలుకొస్తే పర్వాలేదు. రాకపోతే సగానికి తగ్గించి, అక్కణ్ణుంచి మెల్లగా పెంచండి.

జిమ్ సైకిల్ తొక్కితే ముందువైపు నొప్పి

చాలాసార్లు సీటు కిందికి ఉండటమే కారణం. పెడల్ అడుగుకి వెళ్ళినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండేలా ఎత్తండి.

అన్నీ చేస్తున్నా కొవ్వు తగ్గట్లేదు

అరగంట నడకకి కరిగేది దాదాపు 100 నుంచి 150 క్యాలరీలు. ఒక టేబుల్ స్పూన్ నూనెలోనే 120 దాకా ఉంటాయి. నడిచొచ్చి సర్వపిండి, చక్కెర టీ తీసుకుంటే లెక్క అక్కడికక్కడే. నా ఉద్దేశంలో మోకాళ్ళు బాగాలేనివాళ్ళు కొవ్వు తగ్గించాల్సింది ప్రధానంగా కంచంలోనే: అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, గుడ్డు, పెసర గుగ్గిళ్ళు పెంచండి, కండ కరగకుండా ఉంటుంది. షుగర్ మందులు వాడేవాళ్ళు తిండి తగ్గించే ముందు డాక్టర్‌ని అడగాలి.

మాత్ర వేసుకుంటేనే నడవగలుగుతున్నా

నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు, పైగా ఆ మాత్రలు రోజూ వాడితే కడుపుకీ కిడ్నీలకీ ప్రమాదం. మాత్ర లేకుండా ఎంత దూరం నడవగలరో అంతే నడవండి. అదీ కుదరకపోయినా, మోకాలు ఒక్కసారిగా వాచినా, మడతలో ఇరుక్కుపోయినా, నిలబడితే జారిపోతున్నట్టున్నా వ్యాయామం ఆపి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మోకాలు ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా మాత్రం అదే రోజు చూపించుకోవాలి.