రక్తపరీక్ష నివేదికను చదవడం, నాలుగో పాఠం: యాంటిజెన్ వేరు, క్రిమి వేరు

మూడో పాఠం చివర హెపటైటిస్ బి పరీక్షల నివేదిక ఒకటి ఇచ్చి, దాని అర్థాన్ని ఒక్క వాక్యంలో రాయమని అడిగాను. హెచ్‌బీఎస్ఏజీ నెగటివ్, యాంటీ హెచ్‌బీసీ నెగటివ్, యాంటీ హెచ్‌బీఎస్ పాజిటివ్ అన్నవి అందులోని మూడు వరుసలు. వచ్చిన సమాధానాల్లో ఎక్కువ భాగం ఆ వ్యక్తికి గతంలో వ్యాధి సోకి నయమైందని చెప్పాయి. మరికొన్ని, పాజిటివ్ అన్న మాట కనబడగానే వ్యాధి ఇప్పుడు ఉందని తేల్చేశాయి. రెండూ సరికాదు. ఆ నివేదిక టీకా వేసుకున్న వ్యక్తిది. వైరస్ సోకిన జాడ అందులో ఎక్కడా లేదు. ఈ పాఠంలో ఐజీఎం, ఐజీజీ అనే రెండు యాంటీబాడీ రకాల తేడా చెప్పాలనుకున్నాను గానీ, ఈ చిక్కు విడకుండా ముందుకు వెళ్లడం వృథా కనుక దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

రెండో రకం పొరపాటును క్లుప్తంగా ముగిస్తాను. పాజిటివ్ అంటే వెతికిన పదార్థం దొరికిందని మాత్రమే అర్థం. పేరు ముందు ‘యాంటీ’ ఉంటే వెతికింది యాంటీబాడీని, అంటే శరీరం తయారుచేసుకున్నదాన్ని. పేరు చివర ‘ఏజీ’ ఉంటే వెతికింది యాంటిజెన్‌ను, అంటే ఆ యాంటీబాడీ పట్టుకునేదాన్ని. యాంటీబాడీ నిర్మాణం, బి కణాల పుట్టుక మొదటి రెండు పాఠాల్లో వచ్చాయి కనుక మళ్లీ చెప్పను.

మొదటి రకం పొరపాటు అంత తేలికగా వదిలేది కాదు. యాంటిజెన్ అన్న మాటను క్రిమికి మరో పేరుగా తీసుకోవడమే దానికి మూలం. అలా తీసుకుంటే, యాంటీబాడీ ఉన్నదంటే క్రిమి ఎప్పుడో వచ్చి వెళ్లిందన్న నిర్ణయం దానంతటదే వచ్చేస్తుంది. పాఠ్యపుస్తకాలు సైతం ‘యాంటిజెన్లు అనగా బ్యాక్టీరియా, వైరస్‌లు మొదలైనవి’ అని రాసి ఊరుకోవడం నాకు ఎప్పుడూ చికాకు కలిగించే విషయం. బ్యాక్టీరియా యాంటిజెన్ కాదు, అనేక యాంటిజెన్లను మోసే జీవి. రోగనిరోధక కణాలైన బి కణం గానీ టి కణం గానీ మొత్తం క్రిమిని ఎన్నడూ చూడదు. బి కణం ఒక అణువు ఉపరితలం మీది చిన్న ప్రాంతాన్ని, అంటే ఎపిటోప్‌ను, దాని ఆకారాన్ని బట్టి పట్టుకుంటుంది. టి కణానికి ఆ ఆకారంతో పనిలేదు. మరొక కణం ఆ ప్రొటీన్‌ను లోపల ముక్కలు చేసి, ఒక పెప్టైడ్ ముక్కను, అంటే కొన్ని అమైనో ఆమ్లాల చిన్న గొలుసును, తన ఉపరితలం మీది ఎంహెచ్‌సీ అనే అణువులో పెట్టి చూపితేనే అది గుర్తిస్తుంది. ఎంహెచ్‌సీ తప్పనిసరి అన్న ఈ షరతును 1974లో రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహెర్టీ నిరూపించారు. అందుకే వారికి 1996లో నోబెల్ బహుమతి దక్కింది. మొదటి తరగతి ఎంహెచ్‌సీలో ఇమిడే పెప్టైడ్ పొడవు సాధారణంగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాలే. క్రిమి ఎంత పెద్దదైనా టి కణం చూసేది ఆ కాస్త ముక్కనే.

యాంటిజెన్ వేరు, క్రిమి వేరు అనడానికి హెపటైటిస్ బి చరిత్రే మంచి సాక్ష్యం. అనేకసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక హీమోఫీలియా రోగి సీరమ్‌లోని యాంటీబాడీ, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి సీరమ్‌లోని ఏదో పదార్థంతో చర్య జరపడాన్ని బరూచ్ బ్లంబర్గ్ బృందం గమనించి, 1965లో దాన్ని ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ పేరుతో ప్రచురించింది. అది ఒక వైరస్ పైపొరలోని ప్రొటీన్ అని అప్పటికి వారికి తెలియదు. పూర్తి వైరస్ కణాన్ని డేవిడ్ డేన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూపించినది 1970లో. అంటే క్రిమి కంటికి కనబడక ముందే దాని యాంటిజెన్‌ను ఏళ్ల తరబడి పరీక్షించగలిగారు. మన నివేదికలోని హెచ్‌బీఎస్ఏజీ ఆ పదార్థమే.

ఇప్పుడు ఆ వైరస్‌ను విప్పి చూద్దాం. సుమారు 42 నానోమీటర్ల వ్యాసం గల పూర్తి కణానికి పైన ‘ఎస్’ ప్రొటీన్ పొర, లోపల జన్యుపదార్థాన్ని చుట్టి ఉంచే ‘సి’ ప్రొటీన్ కవచం ఉంటాయి. హెచ్‌బీఎస్, హెచ్‌బీసీ అన్న పేర్లలోని చివరి అక్షరాలు ఇవే. వైరస్ సోకిన కాలేయ కణం పైపొర ప్రొటీన్‌ను అవసరానికి మించి తయారుచేసి, సుమారు 22 నానోమీటర్ల ఖాళీ గోళాలుగా రక్తంలోకి వదులుతుంది. వాటిలో జన్యుపదార్థం ఉండదు కనుక అవి ఎవరికీ వ్యాధిని అంటించలేవు. అయినా హెచ్‌బీఎస్ఏజీ పరీక్షకు అవీ పాజిటివే. లోపలి ప్రొటీన్ రక్తంలో విడిగా దొరకదు కాబట్టి నివేదికలో దాని యాంటిజెన్‌కు వరుస ఉండదు, దాని యాంటీబాడీకి మాత్రమే ఉంటుంది. ఆ వరుస ఎందుకు లేదని అడిగినవారికి ఇదే జవాబు.

1986 నుంచి వాడుకలో ఉన్న రీకాంబినెంట్ టీకాలో, అంటే వైరస్ జన్యువును వేరే కణంలో పెట్టి చేసిన టీకాలో, ఈస్ట్ కణాల చేత తయారుచేయించిన ‘ఎస్’ ప్రొటీన్ తప్ప వైరస్‌కు చెందిన మరే భాగమూ లేదు. ‘సి’ ప్రొటీన్‌ను చూడని శరీరం దానికి యాంటీబాడీ తయారుచేయదు. అందువల్ల టీకా వేసుకున్నవారికి యాంటీ హెచ్‌బీఎస్ మాత్రమే వస్తుంది; వ్యాధి సోకి నయమైనవారికి సాధారణంగా యాంటీ హెచ్‌బీఎస్, యాంటీ హెచ్‌బీసీ రెండూ ఉంటాయి. యాంటీ హెచ్‌బీఎస్ మిల్లీలీటరుకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లు, లేదా అంతకు మించి ఉంటే రక్షణ ఉన్నట్లు లెక్క.

క్రిమితో సంబంధమే లేని యాంటిజెన్లూ ఉన్నాయి. పుప్పొడిలోని ప్రొటీన్లు, ఎర్ర రక్తకణాల మీది ఎ, బి చక్కెర గొలుసులు అటువంటివే. పెన్సిలిన్ సంగతి ఇంకా విచిత్రం: అంత చిన్న అణువు తనంతట తాను రోగనిరోధక స్పందనను లేపలేదు, కానీ శరీర ప్రొటీన్లకు అతుక్కున్నప్పుడు లేపగలదు. ఇటువంటి అణువులకు హాప్టెన్లని పేరు. పట్టుబడగలగడం ఒక గుణం, స్పందన పుట్టించగలగడం మరొక గుణం అని వీటివల్లనే తెలుస్తుంది. పిల్లల్లో మెదడు పొరల వాపు తెచ్చే హిబ్ బ్యాక్టీరియా చక్కెర పూతకు రెండేళ్ల లోపు పిల్లలు సరిగా స్పందించకపోవడంతో, టి కణాల సాయం అందేలా ఆ చక్కెరను ఒక ప్రొటీన్‌కు కలిపి టీకా చేశారు.

ఇక నివేదికను చదివే క్రమం. పుస్తకాలు హెచ్‌బీఎస్ఏజీతో మొదలుపెట్టమంటాయి. నేను మాత్రం యాంటీ హెచ్‌బీసీని ముందు చూస్తాను. అసలు వైరస్ శరీరంలోకి వచ్చిందా లేదా అన్న ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే వరుస అదే. పైగా వ్యాధి తగ్గుముఖం పట్టే దశలో హెచ్‌బీఎస్ఏజీ కనబడకుండా పోయి, యాంటీ హెచ్‌బీఎస్ ఇంకా కనబడని వ్యవధి ఒకటి ఉంటుంది. ఆ వ్యవధిలో మిగతా రెండు వరుసలూ నెగటివ్‌గా ఉండి, యాంటీ హెచ్‌బీసీ ఒక్కటే, ముఖ్యంగా దాని ఐజీఎం రకం, నిజం చెబుతుంది. హెచ్‌బీఎస్ఏజీ ఆరు నెలలు దాటినా పోకపోతే అది దీర్ఘకాలిక వ్యాధి. నా అడ్డదారి పసిపిల్లల విషయంలో పనిచేయదని గుర్తుంచుకోండి: తల్లి ఐజీజీ మావి గుండా బిడ్డకు చేరుతుంది కనుక, బిడ్డ రక్తంలో దొరికిన యాంటీబాడీ బిడ్డ తయారుచేసినదే కానక్కరలేదు.

అభ్యాసం. ఈసారి ఒక్క వాక్యం చాలదు. హెచ్‌బీఎస్ఏజీ నెగటివ్, యాంటీ హెచ్‌బీఎస్ నెగటివ్, మొత్తం యాంటీ హెచ్‌బీసీ పాజిటివ్ అన్న నివేదికకు కనీసం మూడు వేర్వేరు వివరణలు రాసి, ఒక్కొక్కదాన్ని నిర్ధారించడానికో తోసిపుచ్చడానికో తర్వాత ఏ పరీక్ష అడగాలో పక్కన రాయండి. రెండోది: ఒక వ్యక్తికి టీకా వేసిన మూడో రోజున హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వచ్చింది, మిగతా రెండు వరుసలూ నెగటివ్. దీనికి రెండు వివరణలు సాధ్యం. నాలుగు వారాల తర్వాత అవే మూడు పరీక్షలు మళ్లీ చేస్తే ఏ వివరణలో ఏ వరుస ఎలా మారుతుందో పట్టికగా గీయండి. ‘వ్యాధి ఉంది’, ‘వ్యాధి లేదు’ అన్న మాటలు వాడకుండా, ఏ యాంటిజెన్, ఎక్కడి నుంచి వచ్చింది అన్న మాటలతోనే సమాధానం రాయాలి.