పావుగంట పాఠాన్ని తయారు చేసుకోవడం ఎలా?

ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పాలనుకున్న తల్లిదండ్రులు చాలామంది బడిలోని పీరియడ్‌ను యథాతథంగా ఇంటికి తెచ్చుకుంటారు. నలభై మంది ఉన్న తరగతిలో హాజరుకూ, పుస్తకాలు తీయించడానికీ, అల్లరి సద్దుమణగడానికీ కొంత సమయం పోతుంది. ఇంట్లో ఎదురుగా కూర్చున్న ఒక్క బిడ్డకు ఆ విరామాలు ఉండవు కాబట్టి, ముప్పావుగంట ఏకధాటిగా చెబితే చూపు పుస్తకం మీద ఉన్నా మనసు బాల్కనీలోని పావురాల మీదికి పోతుంది. చిన్నపిల్లలకు ఏ పాఠమూ 20 నిమిషాలు మించకూడదని ఇంగ్లండు విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842–1923) ఏనాడో చెప్పారు. మా ఇంట్లో ఆరేడేళ్ల వయసులో 12 నిమిషాలు, తొమ్మిదేళ్లు దాటాక 20 నిమిషాలు సరిపోయాయి.

అయితే పెద్ద పాఠాన్ని ముక్కలుగా కోసినంత మాత్రాన అది చిన్న పాఠం కాదు. పాఠానికి ముందు రాని ఒకే ఒక్క పని, పాఠం ముగిశాక బిడ్డకు రావాలి. అందుకే ముందు రోజు రాత్రి, రేపు బిడ్డ కొత్తగా ఏం చేయగలగాలో ఒక వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యంలో రెండు పనులు కనిపిస్తే, అవి రెండు రోజుల పాఠాలు.

తెలుగు ఒత్తులనే తీసుకోండి. అన్నింటినీ ఒక పట్టికగా వేసి వల్లె వేయించడం కన్నా, మన హైదరాబాద్‌లోని పేటల పేర్లతో నేర్పడం మేలని నా గట్టి నమ్మకం, ఎందుకంటే అవే పేర్లు సిటీ బస్సు బోర్డుల మీదా దుకాణాల మీదా బిడ్డకు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. మొదటి రోజు, తలకట్టు తీసేస్తే అసలు అక్షరంలాగే కనిపించే ఒత్తులు మాత్రమే చెప్పాలి: గచ్చిబౌలి, అడ్డగుట్ట. రెండో రోజు రూపం మారే త ఒత్తు కోసం కొత్తపేట, మూడో రోజు ల ఒత్తు కోసం నల్లకుంట. ఇంతవరకు అక్షరం కింద అదే అక్షరం వచ్చింది. నాలుగో రోజు మెహిదీపట్నంలో ట కింద న ఒత్తు రావడం చూపిస్తే, వేరే అక్షరం కూడా ఒత్తుగా వస్తుందని బిడ్డే కనిపెడుతుంది. ఐదో రోజు కొత్తది ఏదీ చెప్పకుండా చిక్కడపల్లి చదివించండి.

పాఠం మొదట్లో రెండు నిమిషాలు నిన్నటి సంగతిని బిడ్డ చేతే చెప్పించాలి. పుస్తకం తెరవకుండా గుర్తు చేసుకోవడమే ఇక్కడ ముఖ్యం. నేర్చుకున్నది మొదటి గంటల్లోనే వేగంగా మరుగున పడుతుందని హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను చేసుకున్న ప్రయోగాలతో చూపించారు. కాబట్టి మరునాడు ఒకసారి, మూడు రోజులకు మరోసారి, వారం తర్వాత ఇంకోసారి అడగండి. ఆ తర్వాత కొత్త విషయం చెప్పి, చివరి మూడు నాలుగు నిమిషాలు బిడ్డ దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పడానికి వదిలేయండి. సమయం కాగానే, ఉత్సాహం ఇంకా మిగిలి ఉన్నా, ఆపేయండి. ఆ మిగిలిన ఉత్సాహంతోనే బిడ్డ రేపు తనంతట తాను వచ్చి కూర్చుంటుంది.

రాత పాఠం తర్వాత మళ్లీ రాత పెట్టకుండా నోటి లెక్కో, పద్యమో పెట్టండి. పాఠానికీ పాఠానికీ మధ్య పది నిమిషాలు ఆటకు వదలండి. వేసవిలో ఎండ ముదరకముందే ఆ రోజు పాఠాలన్నీ ముగిసేలా చూసుకుంటే మంచిది.

ఇలా చదివితే సిలబస్ ఎప్పటికి పూర్తవుతుందని పెద్దవాళ్లు అడుగుతారు. బడికి వెళ్లకుండా చదివేవారికి పరీక్షలు పెట్టే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ప్రాథమిక విద్యలోని ఏ, బీ, సీ స్థాయిలు వరుసగా 3, 5, 8 తరగతులకు సమానం. పదో తరగతికి సమానమైన సెకండరీ కోర్సులో చేరడానికి 14 ఏళ్లు నిండాలి. అంటే ఒక స్థాయికీ మరో స్థాయికీ మధ్య రెండు మూడేళ్ల వ్యవధి ఉంటుంది. ఆ స్థాయి పుస్తకంలోని ప్రతి అధ్యాయాన్నీ ఎన్ని పావుగంటలుగా విడదీయవచ్చో ముందే లెక్క వేసుకుంటే ఆందోళన తగ్గుతుంది.

కొన్నింటిని మాత్రం పావుగంటకు కుదించకూడదు. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా కింద కొట్టిన చప్పట్లు సుమారు కిలోమీటరు దూరాన, పైనున్న బాలాహిస్సార్ మండపం దగ్గర వినిపించే వింతకు ఒక ఉదయమంతా ఇవ్వాలి. బయలుదేరే ముందు రోజు, శబ్దం గోడకు తగిలి ఎలా తిరిగి వస్తుందో ఒక చిన్న పాఠంగా చెప్పండి. కోట ఎక్కేటప్పుడు ఏమీ బోధించకండి. మరునాడు పావుగంట కూర్చోబెట్టి, కింద నిలబడిన వారెవరో, పైన విన్నదెవరో, శబ్దం ఏ దారిన వచ్చి ఉంటుందో బిడ్డ చేత బొమ్మ గీయించండి.