తాబేలు తొట్టికి కరెంటు: లైట్లు, ఫిల్టర్, హీటర్ భద్రంగా బిగించడం ఎలా?

అక్వేరియం షాపుల్లో అమ్మే చిన్న పచ్చ తాబేలు, కళ్ల వెనక ఎర్రటి చార ఉండేది, రెడ్ ఇయర్డ్ స్లైడర్. దాని సొంత ప్రాంతం అమెరికాలోని మిసిసిపీ నదీ పరీవాహకం. కొన్నప్పుడు అరచేతిలో సగం కూడా ఉండదు. ఆడది పెరిగితే 25 నుంచి 30 సెంటీమీటర్లు అవుతుంది, బాగా చూసుకుంటే ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. అన్నేళ్లూ దానికి ఈదడానికి నీళ్లు కావాలి, ఆ నీళ్ల పక్కనే ఎండలాంటి వేడి, వెలుతురు కావాలి. అంటే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇంటి హాల్లో, పిల్లలు తిరిగే చోట, తొట్టెడు నీళ్ల చుట్టూ నాలుగు కరెంటు సామాన్లు ఏళ్ల తరబడి నడుస్తాయి. వాటిని ఎలా బిగించాలో వరుసగా చూద్దాం.

అంతకన్నా ముందు ఒక మాట. చెరువులో, పొలం గట్టున దొరికిన తాబేలును, నక్షత్ర తాబేలును, ఉడుమును ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇక్కడ చెప్పేదంతా షాపులో చట్టప్రకారం అమ్మే విదేశీ జాతుల గురించే. పెంచలేకపోతే స్లైడర్‌ను చెరువులోనో సాగర్ కాలువలోనో వదలకండి. అది మన తాబేళ్ల తిండినీ చోటునూ ఆక్రమిస్తుంది.

లోడు లెక్క

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న తొట్టిలో అడుగు లోతు నీళ్లు పోస్తే సుమారు 170 లీటర్లు. దానికి కావాల్సినవి: ఎండ కాచుకునే రాయి మీద 60 వాట్ల బల్బు, 24 వాట్ల యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ట్యూబు, 20 వాట్ల ఫిల్టర్, చలికాలంలో 100 వాట్ల హీటర్. అన్నీ కలిపి 204 వాట్లు. 230 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ కూడా దాటదు. మామూలు 6 ఆంపియర్ల సాకెట్ 1,380 వాట్ల దాకా మోస్తుంది.

కాబట్టి ఇక్కడ ప్రమాదం లోడు వల్ల రాదు. వదులైన కనెక్షన్, నీటి చుక్క, కరిగే ప్లాస్టిక్, ఎర్తింగ్ లేకపోవడం, ఈ నాలుగింటి వల్ల వస్తుంది. "మాది పెద్ద లోడు కాదు కదా" అని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సుతో సరిపెట్టుకునేవాళ్లు చూడాల్సింది వీటినే.

బిల్లు సంగతి కూడా. హీటర్ లేకుండా, లైట్లు రోజుకు 10 గంటలు, ఫిల్టర్ 24 గంటలు నడిస్తే రోజుకు 1.3 యూనిట్లు, నెలకు 40 యూనిట్లు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న ఇళ్లు ఈ 40ని ముందే కలిపి చూసుకోవాలి.

1. ఎర్తింగ్ ఉందో లేదో చూడటం

మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో చాలాచోట్ల పై పెద్ద రంధ్రం వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, టెస్ట్ ల్యాంపుతో ఫేజుకూ (కరెంటు వచ్చే వైరు) ఎర్త్‌కూ మధ్య బల్బు వెలిగించి చూపించమనండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మధ్య ఎంత వెలుగుతుందో ఇక్కడా అంతే వెలగాలి. మసకగా ఉంటే ఎర్త్ బలహీనం. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ముందే ఉంటే ఈ పరీక్షకు అది ట్రిప్ అవుతుంది. అది మంచి గుర్తే.

మన చల్క నేలల్లో, గుట్ట పక్కన ఇళ్లలో ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంత) ఎండాకాలానికి పొడిబారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి పిట్‌లో రెండు బకెట్ల నీళ్లు పోస్తే చాలా తేడా ఉంటుంది.

కొంతమంది పని తొందరగా తెమలాలని సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలుపుతారు. టెస్టర్‌కు, బల్బుకు అంతా బాగున్నట్టే కనబడుతుంది. కానీ న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజు ఫేజు నేరుగా ఫిల్టర్ బాడీ మీదికి, లైటు రేకు మీదికి వస్తుంది. బోర్డు విప్పించి ఇది లేదని కళ్లారా చూడండి. ఉంటే తీయించండి.

2. తొట్టికి విడిగా ఆర్‌సీసీబీ

అన్నింట్లో దీన్ని మాత్రం వాయిదా వేయకండి. మీటరు దగ్గరి ఎంసీబీ, అంటే లోడు మించితే పడిపోయే స్విచ్, వైరు కాలకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. హీటర్ గాజు పగిలి నీళ్లలోకి కరెంటు దిగినా, ఆ లీకేజీ ఎంసీబీకి లెక్కలోకి రాదు. ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని చూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే సెకనులో చిన్న భాగంలోనే లైను కట్ చేస్తుంది.

కొనాల్సింది: 2 పోల్, 25 ఆంపియర్లు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి, 6 ఆంపియర్ల ఎంసీబీ ఒకటి, రెండూ పట్టే ప్లాస్టిక్ డిస్ట్రిబ్యూషన్ బాక్సు. షాపులో 100, 300 మిల్లీఆంపియర్లవి కూడా ఉంటాయి. అవి అగ్నిప్రమాదం కోసం పెట్టేవి. మనుషుల రక్షణకు 30 మాత్రమే. రెండూ ఒకే దాంట్లో కావాలంటే ఆర్‌సీబీఓ అడగండి.

బిగించేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు ఇది: ఫేజు ఆర్‌సీసీబీ నుంచి తెచ్చి, న్యూట్రల్ మాత్రం పక్క బోర్డు నుంచి లాగుతారు. అప్పుడు బల్బు వేసిన ప్రతిసారీ ట్రిప్ అవుతుంది. విసుగొచ్చి చివరికి ఆర్‌సీసీబీనే తీసేస్తారు. తొట్టి బోర్డుకు వెళ్లే ఫేజు, న్యూట్రల్ రెండూ దాని నుంచే రావాలి. ఎర్త్ వైరు మాత్రం దాని గుండా పోదు, నేరుగా సాకెట్‌కు వస్తుంది.

ఎర్త్ లేకున్నా ఆర్‌సీసీబీ పనిచేస్తుంది, కానీ లీకేజీ మనిషి ఒంట్లోంచి పారినప్పుడే దానికి తెలుస్తుంది. ఎర్త్ ఉంటే ఎవరూ ముట్టకముందే ట్రిప్ అవుతుంది. రెండూ ఉండాలనేది అందుకే. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు.

3. బోర్డు ఎక్కడ, వైరు ఎలా

స్విచ్ బోర్డును తొట్టి పక్క గోడకు, నీటి మట్టం కన్నా పైన, చిందులు చేరనంత ఎడంగా బిగించండి. తొట్టి కింద స్టాండు అరలో ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టడం చూడ్డానికి నీటుగా ఉంటుంది కానీ తొట్టి కారినా, ఫిల్టర్ పైపు ఊడినా నీళ్లన్నీ పడేది అందులోనే.

నీళ్లలోంచి వచ్చే ప్రతి వైరు సాకెట్ కన్నా కిందికి ఒక జానెడు వేలాడి, మళ్లీ పైకి లేచి ప్లగ్గుకు చేరాలి. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, ప్లగ్గు దాకా రాదు. పైసా ఖర్చు లేని పని ఇది. వంపు చెదరకుండా క్లిప్పుతో గోడకు కొట్టండి.

బోర్డుకు వచ్చే వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది. జాయింట్లకు ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయకండి. మన ఎండలకు టేపు జిగురు కరిగి ఊడుతుంది. స్క్రూ కనెక్టర్ పెట్టి, చిన్న పీవీసీ డబ్బాలో మూయండి. డబ్బా రంధ్రాలు కూడా మూయాలి. వెచ్చదనానికి చీమలు, గోడ బల్లులు లోపల చేరి షార్ట్ చేస్తాయి.

4. ఎండ బల్బు, దాని హోల్డర్

మన ఇళ్ల హోల్డర్లు పిన్ను రకం, బీ22. సరీసృపాల కోసం వచ్చే బల్బులు, సిరామిక్ హీటర్లు (వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చేవి) మర రకం, ఈ27. రెండింటినీ కలపడానికి ప్లాస్టిక్ అడాప్టర్ అమ్ముతారు, ఎల్‌ఈడీకైతే సరిపోతుంది. వేడి బల్బుకు వాడితే కొద్ది నెలల్లో పెళుసుబారి విరుగుతుంది, బల్బు తిన్నగా నీళ్లలో పడుతుంది. నేరుగా ఈ27 పింగాణీ హోల్డర్, వేడిని తట్టుకునే సిలికాన్ తొడుగు వైరు తీసుకోండి.

మర హోల్డర్లో ఫేజు అడుగున ఉండే నడిమి చుక్కకు, న్యూట్రల్ చుట్టూ ఉండే మరకు రావాలి. తారుమారైతే బల్బు మార్చేటప్పుడు వేళ్లకు తగిలే మరలోనే ఫేజు ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా పడుతుంది కాబట్టి అది ఈ లైటుకు పనికిరాదు. మూడు పిన్నుల ప్లగ్గు వేయండి. సాకెట్‌ను ఎదురుగా చూస్తే ఫేజు కుడివైపు.

బల్బును రాయికి 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో మొదలుపెట్టి, రాయి మీద థర్మామీటరు పెట్టి 32 నుంచి 35 డిగ్రీలు వచ్చేదాకా పైకీ కిందికీ సర్దండి. క్లిప్పు మీద నమ్మకం పెట్టుకోవద్దు, స్ప్రింగు వదులవుతుంది. గొలుసుతో పైనుంచి వేలాడదీసి, దానికి తోడు ఇంకో తీగ కూడా కట్టండి. ఒకటి తెగినా రెండోది ఆపాలి. తాబేలు దూకితే లేచే చిందులకు వేడి గాజు పగులుతుంది కాబట్టి జాలీ ఉన్న లైటు గొట్టం మేలు. పరదాలు, థర్మాకోల్ దాని దరిదాపుల్లో ఉండకూడదు.

నల్లగొండ, మిర్యాలగూడ, గద్వాల వైపు మే నెలలో బయట 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు ఈ బల్బే తాబేలుకు ప్రమాదం. స్లాబు ఇంటి పై అంతస్తు గది మధ్యాహ్నం 37 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో వేడి బల్బు ఆపేసి యూవీబీ ఒక్కటే వేయండి. వేడికీ యూవీబీకీ వేర్వేరు స్విచ్‌లు పెట్టించాల్సింది అందుకే.

5. యూవీబీ ట్యూబు

ఇది లేకపోతే ఒంట్లో డీ3 విటమిన్ తయారు కాదు, కాల్షియం ఒంటబట్టదు, డిప్ప మెత్తబడి ఎముకలు వంకర్లు పోతాయి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో యూవీబీ దాదాపు ఉండదు. అందుకే ట్యూబుకూ తాబేలుకూ మధ్య గాజు మూత పెట్టొద్దు.

24 వాట్ల టీ5 హెచ్‌ఓ (సన్నగా ఉండి ఎక్కువ వెలుగిచ్చే రకం) ట్యూబు, 5 లేదా 6 శాతం యూవీబీది, రాయికి 25 నుంచి 30 సెంటీమీటర్ల పైన. దీని పొడవు సుమారు 55 సెంటీమీటర్లు. ఫాల్స్ సీలింగుకు వాడే 14 వాట్ల టీ5 ట్యూబు కూడా అంతే పొడవు. ఆ ఫిట్టింగులో ఇది చక్కగా పడుతుంది, వెలుగుతుంది కూడా, కానీ లోపలి చోక్ 14 వాట్లకు చేసింది కాబట్టి యూవీబీ సరిగా రాదు. ఫిట్టింగు మీద 24 వాట్లు అని రాసి ఉందో లేదో చూసి కొనండి. ఏడాదికోసారి ట్యూబు మార్చాలి, కంటికి వెలుగు తగ్గినట్టు కనబడకపోయినా సరే.

నీలిరంగు ఎల్‌ఈడీని "యూవీ బల్బు" అని అమ్మితే కొనకండి. నీటిని శుద్ధి చేసే యూవీసీ దీపాన్ని బయట వెలిగిస్తే తాబేలు కళ్లూ మీ కళ్లూ పాడవుతాయి.

6. హీటర్

మన దగ్గర హీటర్ పని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీలు ఉంటే చాలు, గదిలో నీళ్లు 20కి పడితే నాలుగైదు డిగ్రీలు పెంచాలి, అంతే. ఉత్తరాది చలికి రాసిన లెక్కలు చూసి 300 వాట్లది కొనవద్దు. థర్మోస్టాట్ (వేడిని చూసి హీటర్‌ను ఆన్, ఆఫ్ చేసే భాగం) రిలే పాడైతే చాలాసార్లు ఆన్‌లోనే అతుక్కుపోతుంది. అప్పుడు 100 వాట్ల హీటర్ నీటిని కొన్ని డిగ్రీలు ఎక్కిస్తుంది, మీకు గమనించే టైము ఉంటుంది. 300 వాట్లది తాబేలును ఉడికిస్తుంది.

విడి కంట్రోలర్ వాడితే దాని సెన్సర్‌ను నీళ్లలో, గాజుకు అతుక్కునే రబ్బరు కప్పుతో గట్టిగా బిగించండి. తాబేలు దాన్ని లాగి బయట పడేస్తే, అది గది చలిని చూసి హీటర్‌ను ఆపకుండా నడుపుతుంది. హీటర్‌కు ప్లాస్టిక్ గార్డు తప్పనిసరి. పెద్ద స్లైడర్ గాజును గుద్ది పగలగొడుతుంది. నీళ్లు మార్చడానికి ఇరవై నిమిషాల ముందే ప్లగ్గు తీయండి. వేడి గాజుకు గాలి తగిలి, మళ్లీ చల్లని నీళ్లు పడితే నెర్రె ఇస్తుంది.

నల్లగొండ బోరు నీళ్లతో ఇంకో చిక్కు ఉంది. హీటర్ మీద సున్నం పేరుకుంటే వేడి నీళ్లలోకి దిగక గాజే కాలిపోతుంది. ఫిల్టర్ మోటారు చక్రమూ అలాగే బిగుసుకుంటుంది. నెలకోసారి ప్లగ్గు తీసి, చల్లారాక, వెనిగర్‌లో అరగంట నానబెట్టి కడగండి. యూవీబీ ట్యూబు మీద ఎండిన తెల్ల మరకలు కూడా తడిగుడ్డతో తుడవండి, అవి యూవీబీని అడ్డుకుంటాయి.

7. టైమర్, ఇన్వర్టర్, కరెంటు కోతలు

పళ్ల చక్రం ఉండే మామూలు టైమర్ కరెంటు పోయినంతసేపు ఆగిపోతుంది. రోజుకు రెండు గంటలు పోతే లైటు రోజూ రెండేసి గంటలు వెనక్కి జరుగుతుంది. వారం తిరిగేసరికి అర్ధరాత్రి ఎండ కాస్తుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోండి.

ఇన్వర్టర్ మీద హీటర్, వేడి బల్బు వేయొద్దు. ఫిల్టర్ వేయాలంటే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉండాలి. స్క్వేర్ వేవ్ మీద మోటారు గుయ్యిమంటూ వేడెక్కుతుంది. తాబేలు గాలి పీల్చుకునే జంతువు. రెండు మూడు గంటలు ఫిల్టర్ ఆగితే చేపల్లా దానికి ఊపిరాడకపోవడం ఉండదు. ఎండాకాలం గాలిదుమారం, పిడుగులు మొదలైతే అన్ని ప్లగ్గులూ తీసేయడమే మంచిది.

లెపర్డ్ గెకో, బియర్డెడ్ డ్రాగన్ లాంటి, నీళ్లు లేని పొడి పెట్టెలో పెంచే బల్లి జాతులకూ ఇదే వైరింగు. హీట్ మ్యాట్‌ను (పెట్టె అడుగున పరిచే వేడి పలక) మాత్రం థర్మోస్టాట్ లేకుండా ఒక్క పూట కూడా వాడకండి, పొట్ట కాలుతుంది. సిరామిక్ హీటర్ చుట్టూ జాలీ ఉండాలి.

8. నెలకోసారి చూసుకోవాల్సినవి, ట్రిప్ అయితే చేయాల్సినవి

నెలకోసారి ఆర్‌సీసీబీ మీద టీ అని రాసి ఉన్న మీట నొక్కండి. వెంటనే పడిపోవాలి. పడకపోతే అదే రోజు మార్పించండి. ప్లగ్గు పిన్నులు నల్లబడ్డాయా, హోల్డర్ దగ్గర వైరు గట్టిపడిందా చూడండి.

ట్రిప్ అయితే మళ్లీ మళ్లీ ఎక్కించి చూడకండి. బోర్డులోని ప్లగ్గులన్నీ తీసి, ఆర్‌సీసీబీ పైకి వేసి, ఒక్కొక్కటే పెట్టుకుంటూ రండి. ఏది పెట్టగానే పడిందో అదే లీకు. ఎక్కువసార్లు అది హీటరో, నీళ్లలో మునిగే ఫిల్టరో అయి ఉంటుంది. దాన్ని అతికించి వాడొద్దు, కొత్తది కొనండి. ఏదీ పెట్టకుండానే పడుతుంటే లోపం వైరింగులో ఉంది, ఎలక్ట్రీషియన్ పని.

నీళ్లలో వేలు పెట్టినప్పుడు చిన్నగా చిమచిమలాడినా సరే, అది కరెంటే. తాబేలును తీయడానికి కూడా చెయ్యి పెట్టకండి. ముందు మెయిన్ ఆపి, ప్లగ్గులు పీకి, ఆ తర్వాతే తీయండి. ఎవరికైనా షాక్ తగిలి పట్టుకుపోతే వాళ్లను ముట్టుకోకుండా మెయిన్ ఆపండి, స్పృహ లేకుంటే 108కి ఫోన్ చేయండి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో పెద్ద పిల్లలకు కూడా చూపించి ఉంచండి.